విలీనం ఖాతాలో ఉద్యోగి పద్దు

గత మాసం బిలాస్‌పూర్‌లో జరిగిన మన శాఖా సమావేశంలో ఎజెండాలో లేని ప్రశ్న ఒకటి వచ్చింది. పద్దెనిమిది మాసాల కరువుభత్యం బకాయిని గురించి చర్చ వేడిగా సాగుతుండగా, ఆర్.ఎం.ఎస్.లో కొత్తగా చేరిన ఒక యువ సార్టర్ లేచి నిలబడ్డాడు. "2024 మార్చిలో సోమాలియా దేశం తూర్పు ఆఫ్రికా సమాజంలో పూర్తి సభ్యత్వం పొందిందని చదివాను. ఒక దేశం ఇట్లా పెద్ద కూటమిలో చేరినప్పుడు ఆ దేశపు తపాలా ఉద్యోగుల గతి, రైల్వే ఉద్యోగుల గతి ఏమవుతుంది?" అని అడిగాడు. కొందరు నవ్వారు. మన బకాయి సంగతి తేలకుండా సోమాలియా ఎందుకని వారి భావం.

మేము నవ్వలేదు. ఆ ప్రశ్నకు జవాబు మొగదిషు రేవులో వెదకనవసరం లేదు. ఈ రైల్వే కాలనీలోనే కొన్ని ఇళ్ళలో, అటక మీది ట్రంకు పెట్టెలలో, తాతల నాటి సర్వీసు కాగితాలలో ఆ జవాబు ఉన్నది. ఎందుకంటే మన తెలుగువారిలో ఎందరో ఒకనాడు అటువంటి ఒక "దేశం" ప్రజలే. ఆ దేశం పెద్ద యూనియన్‌లో చేరింది. చేరినప్పుడు దాని రైలు, దాని టప్పా, దాని నాణెం, దాని సుంకపు నాకా అన్నీ ఒకదాని వెంట ఒకటి మారిపోయాయి. లెక్కలు రాసినవారు రాసుకున్నారు. ఆ లెక్కలలో ఉద్యోగి పద్దు ఏ పేజీలో పడిందో చూడవలసిన బాధ్యత మనది.

హైదరాబాదు రాజ్యం విస్తీర్ణంలో 82 వేల చదరపు మైళ్ళకు పైబడినది. 1941 జనాభా లెక్కల ప్రకారం కోటి అరవై లక్షలకు మించిన ప్రజలు అందులో ఉండేవారు. ఐరోపాలోని అనేక దేశాలకంటె అది పెద్దది. స్వంత సైన్యం, స్వంత పన్నులు, 1869 నుండి స్వంత తపాలా బిళ్ళలు ఉండేవి. 1918 నుండి స్వంత కాగితపు నోట్లు కూడా చలామణిలోకి వచ్చాయి. అక్కడి రూపాయిని "హాలీ" అనేవారు, బ్రిటిషు ఇండియా రూపాయిని "కల్దారు" అనేవారు. ఏడు హాలీలు ఆరు కల్దార్లకు సమానమని స్థూలమైన మారకపు లెక్క. సరిహద్దు దాటి వచ్చే సరుకు మీద, పోయే సరుకు మీద నూటికి 5 వంతుల చొప్పున సుంకం. ఆ శాఖ పేరు కరోడ్‌గిరి. భూమిశిస్తు, ఆబ్కారీలతో పాటు ఆ సుంకం కూడా ఖజానాకు ఒక ప్రధానాధారం.

రైలు సంగతి మనకు మరింత దగ్గరిది. 1874లో సికిందరాబాదు నుండి వాడి వరకు మొదటి దారి పడింది. 1889 నాటికి అది బెజవాడ చేరింది. గ్యారంటీ కంపెనీ చేతిలో ఉన్న ఆ రైల్వేను 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం కొని, నిజాం స్టేట్ రైల్వేగా చేసుకొన్నది. కాజీపేట నుండి బల్హార్షాకు దారి పూర్తి అయిన తరువాత, 1929 నాటికి, మద్రాసు నుండి ఢిల్లీకి పోయే బండి నిజాం రాజ్యం గుండానే పోవలసి వచ్చింది. 1932లో ఆ రైల్వేయే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. ఈనాడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో తిరిగే ఆర్.టి.సి. బస్సుకు పుట్టినిల్లు రైల్వే శాఖయే అన్న సంగతి మన యువ సోదరులలో ఎందరికి తెలుసునో!

1947 ఆగస్టు తరువాత ఈ రాజ్యం ఇటు చేరక, అటు నిలువక, పదమూడు మాసాలు ఊగిసలాడింది. 1947 నవంబరు 29న యథాతథపు ఒడంబడిక జరిగింది. అది జరిగిన కొద్ది కాలానికే నిజాం ప్రభుత్వం భారత నాణెం తన రాజ్యంలో చెల్లదని ఆర్డినెన్సు తెచ్చింది, బంగారం వెండి ఎగుమతిని నిషేధించింది, పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల విలువైన భారత ప్రభుత్వ పత్రాలను అప్పుగా ఇచ్చింది. భారత ప్రభుత్వం తన వంతుగా సరుకుల రాకపై ఆంక్షలు పెట్టింది. పైవాళ్ళు నాణేన్ని ఆయుధంగా వాడుకొన్నారు. సరిహద్దు స్టేషనులో టిక్కెట్లు కొట్టే గుమాస్తా మాత్రం, చేతికి వచ్చిన రూపాయి చెల్లుతుందో లేదో తెలియక, రాత్రి లెక్క సరిపోక తల పట్టుకొన్నాడు. లోటు పడితే జీతంలో కోత అతనికే.

1948 సెప్టెంబరు 13న సైనిక చర్య మొదలైంది. 17న నిజాం లొంగిపోయాడు. 1949 నవంబరులో భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఫర్మానా వెలువడింది. 1950 జనవరి 26న హైదరాబాదు "బి" తరగతి రాష్ట్రమయింది. అయితే మన దృష్టిలో విలీనం జరిగిన రోజు 1950 ఏప్రిల్ 1. ఆ ఒక్క రోజున నిజాం స్టేట్ రైల్వే కేంద్ర ప్రభుత్వ హస్తగతమైంది. ఆ రోజునే నిజాం టప్పా శాఖ భారత తంతి తపాలా శాఖలో కలిసిపోయింది. ఆదాయపు పన్ను కూడా ఆ రోజునుండే కేంద్రానిదయింది. రాత్రి పడుకొన్న టప్పా జవాను తెల్లవారి లేచేసరికి మరొక ప్రభుత్వపు నౌకరు.

ఈ మార్పు తప్పని మేము అనటం లేదు. వెట్టి చాకిరిని, జాగీర్దారీని, దొరతనాన్ని భుజాన మోసిన రాజ్యం కోసం కన్నీరు కార్చవలసిన అవసరం కార్మికవర్గానికి లేదు. సంఘం పెట్టుకొనే హక్కు కోసం, సభ జరుపుకొనే హక్కు కోసం ఆ రాజ్యంలో ఎందరు జైళ్ళ పాలయ్యారో పెద్దలకు తెలుసు. ప్రథమ వేతన సంఘం 1947లో నిర్ణయించిన కనీస వేతనం 30 రూపాయలు, దానిపై కరువుభత్యం 25 రూపాయలు. అది విలీనం వలననే నిజాం రైల్వే గ్యాంగుమాన్ ఆశించగలిగిన మొత్తమయింది. ఇవి చిన్న లాభాలు కావు. అయినా లాభం ఉన్నదని నష్టాన్ని లెక్కలోనుండి కొట్టివేయటం గుమాస్తా పని కాదు, దళారి పని.

ఖజానాల లెక్క సంగతి ముందు చూద్దాం. సంస్థానాల ఆర్థిక వ్యవస్థను కేంద్రంతో కలిపే విధానం నిర్ణయించటానికి 1948లో వి.టి. కృష్ణమాచారి అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. ఆ కమిటీ సూత్రం సులభమైనది. రైలు, తపాలా, ఆదాయపు పన్ను వంటి కేంద్ర విషయాలపై వచ్చే ఆదాయం కేంద్రానికి పోతుంది, వాటి ఖర్చు కూడా కేంద్రానికే పోతుంది. పోయిన ఆదాయం తప్పిన ఖర్చుకంటె ఎక్కువైతే, ఆ లోటును కేంద్రం పూడ్చాలి. మొదటి 5 సంవత్సరాలు పూర్తిగా పూడుస్తుంది, తరువాతి 5 సంవత్సరాలలో క్రమంగా తగ్గిస్తూ పోతుంది. లోపలి సుంకాన్ని ఒక్క దెబ్బతో ఎత్తివేస్తే ఖజానా కూలుతుందని గ్రహించి, 306వ అధికరణం క్రింద రాజ్యాంగంలోనే కొంత వ్యవధి కల్పించారు. ఈ ఏర్పాటులో వివేకం ఉన్నదని ఒప్పుకొనక తప్పదు. పదేళ్ళ వ్యవధి, రాజ్యాంగపు హామీ, వ్రాతపూర్వకమైన ఒడంబడిక: రాష్ట్ర ఖజానాకు ఈ మూడూ లభించాయి.

మరి మనుషులలో ఎవరికి లభించాయి? నిజాం ప్రభువుకు సాలీనా 50 లక్షల రూపాయల రాజభరణం లభించింది. సర్ఫెఖాస్ భూములకు బదులుగాను, ఇతర ఖర్చులకుగాను మరొక 50 లక్షలు. భరణాలకు 291వ అధికరణం కాపలా కాసింది. 1971లో రాజ్యాంగాన్ని సవరిస్తే తప్ప ఆ కాపలా తొలగలేదు. ఐ.సి.ఎస్. దొరల జీతం, సెలవు, పింఛను, క్రమశిక్షణ హక్కులు పూర్వంవలెనే ఉండాలని 314వ అధికరణం శాసించింది. అది కూడా 1972 వరకు నిలిచింది. కాజీపేట యార్డులోని పాయింట్స్‌మన్‌కు, మెదకు తాలూకాలో సంచి మోసిన హర్కారాకు ఏ అధికరణమూ లేదు. వారికి లభించినవి సర్క్యులర్లు. సర్క్యులరును మరొక సర్క్యులరు రద్దు చేయగలదు.

జీతం మారకపు లెక్కను గురించి పెద్దలు చెప్పిన మాట ఒకటున్నది. 70 హాలీల జీతగాడు 60 కల్దార్ల జీతగాడయ్యాడు. కాగితం మీద నష్టం లేదు, లాభం లేదు. కాని అంగడివాడు మాత్రం హాలీ అణాకు అమ్మిన వస్తువును కల్దారు అణాకే అమ్మసాగాడు. ఇంటి అద్దె సంఖ్య మారలేదు, నాణెం పేరు మారింది. వడ్డీ వ్యాపారి అప్పు పత్రంలో ఏ రూపాయి రాసి ఉన్నదన్న తగవు ఎన్నో ఇళ్ళలో సాగింది. హాలీ నాణెం ముద్రణ ఆగిపోయినా పూర్తిగా చెల్లకుండా పోయింది 1959లోనే. అన్ని సంవత్సరాలు రెండు రూపాయలు ఒకే అంగట్లో తిరిగితే తేడా పైకం ఎవరి జేబులో పడుతుందో వేరుగా చెప్పాలా? 1990 జూలైలో తూర్పు జర్మనీ పశ్చిమ జర్మనీ నాణెంలోకి మారినప్పుడు జీతాలను ఒకటికి ఒకటిగా మార్చారు. అక్కడ కార్మికునికి నాణెం దక్కింది కాని కర్మాగారం దక్కలేదు. పశ్చిమ సరుకుతో పోటీకి నిలువలేక వేల సంస్థలు మూతపడ్డాయి. మారకపు రేటు ఎటు వంగినా బరువు క్రిందికే జారుతుంది. దానిని ఆపవలసినది రేటు కాదు, రేటుతో పాటు చేసే ఇతర ఏర్పాట్లు.

ఇక పాలనా కేంద్రం సంగతి. 1951 నవంబరు 5న నిజాం రైల్వే, జి.ఐ.పి. రైల్వే, సింధియా, ధోల్పూరు రైల్వేలు కలిసి సెంట్రల్ రైల్వే ఏర్పడింది. ప్రధాన కార్యాలయం బొంబాయి. అంతవరకు సికిందరాబాదులో తేలిపోయిన బదిలీ, ప్రమోషను, శిక్షపై అప్పీలు ఇప్పుడు అయిదువందల మైళ్ళ అవతల తేలవలసి వచ్చింది. 1,300 మైళ్ళకు మించిన రైల్వేకు రాజధానిగా ఉన్న ఊరు మరొకరి పటం అంచుకు చేరింది. అదే నవంబరులో రోడ్డు రవాణా శాఖను రైల్వేనుండి విడదీసి రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించారు. ఒకే సంస్థలో పనిచేసిన అన్నదమ్ములలో ఒకడు కేంద్ర ఉద్యోగి, మరొకడు రాష్ట్ర ఉద్యోగి. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికిందరాబాదుకు ప్రధాన కార్యాలయం తిరిగి వచ్చేసరికి దాదాపు పదిహేనేళ్ళు గడిచాయి. పదిహేనేళ్ళంటే ఒక ఉద్యోగి సర్వీసులో సగభాగం.

ఈ విషయం బిలాస్‌పూర్ వారికి వేరే చెప్పనక్కరలేదు. 1891లో బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన మార్గం ఈ ఊరి మీదుగా పూర్తి అయింది. 1931లో రాయపూరు నుండి విజయనగరం దారి పూర్తి అయిన తరువాత మన ఉత్తరాంధ్ర నుండి ఇటు రాకపోకలు మరింత పెరిగాయి. అప్పటినుండి 2003 వరకు ఈ ఊరి రైల్వే ఉద్యోగి తన మొర కలకత్తాలోని గార్డెన్‌రీచ్‌కు పంపుకొన్నాడు. బొగ్గు ఇక్కడిది, బండి ఇక్కడిది, తీర్పు అక్కడిది. 1990లలో ఈ ప్రజలు ఆందోళనకు దిగిన తరువాతనే జోను దక్కింది.

ఒక చేదు జ్ఞాపకం ఇక్కడ చెప్పవలసియున్నది. కొత్త జోను ఏర్పడిన రోజులలో పాత జోనులో ఉండదలచినవారు, కొత్త జోనుకు రాదలచినవారు ఐచ్ఛిక పత్రాలు నింపి ఇవ్వవలసి వచ్చింది. మా సంఘం తరఫున మేము రాత్రుళ్ళు కూర్చొని వందల పత్రాలు నింపించాము. పేరు చెప్పనవసరం లేని ఒక కార్యాలయంలో ఒక కట్ట పత్రాలు కనబడకుండా పోయాయి. రసీదు తీసుకొన్నవారు బయటపడ్డారు. తీసుకోనివారు సీనియారిటీ పట్టికలో క్రిందికి జారి, తమకంటె చిన్నవారికి సలాము కొట్టవలసి వచ్చింది. రసీదు లేకుండా కాగితం ఇవ్వనిచ్చిన తప్పు మాది కూడా.

సీనియారిటీ జాబితాల కలయిక ఎంత పేలుడు మందో 1952 సెప్టెంబరులో హైదరాబాదు వీధులు చూపాయి. విలీనం తరువాత బయటి ప్రాంతాలనుండి అధికారులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు పెద్ద సంఖ్యలో దిగారు. ఉర్దూలో చదువుకొని ఉర్దూలో ఫైళ్ళు నడిపిన స్థానికుడు ఒక్కసారిగా చదువురానివాడయ్యాడు. ముల్కీ నిబంధనలు కాగితం మీద ఉన్నా, దొంగ ముల్కీ పత్రాలు చలామణి అయ్యాయి. నాన్ ముల్కీలు వెనక్కు పోవాలన్న నినాదం పుట్టింది, పోలీసు కాల్పులలో విద్యార్థులు బలి అయ్యారు. బెజవాడ నుండి వచ్చిన గుమాస్తా స్థానిక గుమాస్తాకు శత్రువు కాడు. ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టి జాబితా ఎట్లా కలపాలో అడిగినవాడు లేకపోవటమే ఆ రక్తపాతానికి మూలం. తరువాతి చరిత్ర మనకు తెలిసినదే. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, తెలంగాణ మిగులు నిధుల లెక్క తేల్చటానికి వేసిన సంఘాలు, చివరకు 2014 జూన్ 2. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటిన తరువాత బోడి మల్లయ్య అన్న సామెత విలీన ఒప్పందాలను చూసి పుట్టిందేమో అనిపిస్తుంది.

పరిశ్రమల విషయం కొంత చిక్కుగా ఉన్నది. వరంగల్లులో 1934లో నెలకొన్న ఆజంజాహీ మిల్లు, బోధనులో 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం వంటివి రాజ్యపు పెట్టుబడితో, సుంకపు గోడ నీడలో పెరిగినవి. గోడ తొలగిన తరువాత బొంబాయి, అహమ్మదాబాదు మిల్లులతో నేరుగా పోటీ. ఆజంజాహీ మిల్లు చివరకు జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చి, అక్కడా నిలువక మూతపడింది. దాని చావుకు సుంకం తొలగటమొక్కటే కారణమని మేము అనము. పాతబడిన యంత్రాలున్నాయి, నిర్లక్ష్యమున్నది. కాని గోడను తీసేముందు లోపలివానికి కాళ్ళలో బలం వచ్చిందా అని చూడటం కూడా విలీనంలో భాగమే.

ఛత్తీస్‌గఢ్‌లో ఇదే కథ చిన్న అక్షరాలలో జరిగింది. బిలాస్‌పూర్ బ్రిటిషు జిల్లా కాని, ఇక్కడినుండి ఝార్సుగూడ వైపు కదిలిన బండి సక్తి, రాయగఢ్ సంస్థానాల గుండా పోయేది. బస్తరు, సర్గూజా, కాంకేరు, రాజనందగావ్ మొదలైన పద్నాలుగు సంస్థానాలు 1948 జనవరి 1న మధ్య పరగణాలలో కలిసిపోయాయి. రాజులు భరణాలు పుచ్చుకొన్నారు. అడవి, గని, బొగ్గు, ఇనుము యూనియన్‌కు వచ్చాయి. ఆ తరువాత 1956 నుండి 1990ల తొలి సంవత్సరాల వరకు ఉక్కుకు రవాణా ఖర్చుల సమీకరణ విధానం అమలయింది. భిలాయి ఉక్కు మద్రాసుకు పోయినా, భిలాయి ప్రక్క ఊరికి పోయినా కొనేవానికి రవాణా భారం ఒక్కటే. ఇక కర్మాగారం పెట్టేవాడు రేవు ప్రక్కన పెడతాడు కాని గని ప్రక్కన ఎందుకు పెడతాడు? ఏకైక విపణి దేశానికి మేలు చేసింది, నిజమే. ఆ మేలుకు అద్దె చెల్లించినది గని ఉన్న నేల.

2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చినప్పుడు రాష్ట్రాలు తమ అమ్మకపు పన్ను అధికారాన్ని ఉమ్మడి సంచిలో వేశాయి. ఇది కూడా ఒక రకమైన విలీనమే. చెక్‌పోస్టులు లేచిపోయాయి, లారీవాడు సుఖపడ్డాడు. కాని ఈ పన్ను సరుకు తయారైన చోట కాక ఖర్చయిన చోట దక్కుతుంది. సాలుకు నూటికి 14 వంతుల పెరుగుదల లెక్కన రాష్ట్రాలకు నష్టపరిహారం హామీ ఇచ్చారు. 1950లో పదేళ్ళ వ్యవధి ఇచ్చినవారి వారసులు 2017లో ఇచ్చినది ఐదేళ్ళు. 2022 జూన్‌తో అది ముగిసింది. గడువు పెంచాలని ఛత్తీస్‌గఢ్ వంటి ఉత్పత్తి రాష్ట్రాలు కోరినా పెంచలేదు. పన్ను వేసే అధికారం మాత్రం వెనక్కు రాలేదు. రాష్ట్రం ఖజానాకు చిల్లు పడితే ముందుగా ఆగేవి ఖాళీల భర్తీ, భత్యాలు. ఆ ఉద్యోగులు మన శాఖలవారు కాకపోయినా మన ప్రక్క ఇళ్ళవారే.

ఇప్పుడు మన యువ సోదరుని ప్రశ్నకు తిరిగి వద్దాం. తూర్పు ఆఫ్రికా సమాజమనే పేరు మనకు కొత్త కావచ్చు కాని ఆ గడ్డపై రైలు పట్టాలకు భారతీయుల చెమట అంటుకొని ఉన్నది. 1896 నుండి 1901 వరకు ఉగాండా రైల్వే నిర్మాణానికి సుమారు 32 వేలమంది కూలీలు, చేతిపనివారు భారతదేశంనుండి వెళ్ళారు, అత్యధికులు పంజాబువారు. ఆ రైల్వే తరువాత కెన్యా, ఉగాండా, టాంజానియాల ఉమ్మడి ఆస్తి అయింది. 1967లో ఆ మూడు దేశాలు తూర్పు ఆఫ్రికా సమాజంగా ఏర్పడినప్పుడు రైల్వే కార్పొరేషను నైరోబిలో, రేవుల కార్పొరేషను దార్-ఎస్-సలాంలో, తపాలా తంతి కార్పొరేషను కంపాలాలో పెట్టుకొన్నారు. ఆఫీసులు పంచుకోవటంలో చూపిన సమానత ఆదాయం పంచుకోవటంలో కుదరలేదు. పరిశ్రమ నైరోబి చుట్టూ చేరింది, మిగిలినవారు గొణిగారు. ఉగాండాలో ఇదీ అమీన్ గద్దెనెక్కిన తరువాత పైవాళ్ళ సమావేశాలే ఆగిపోయాయి. 1977లో సమాజం విచ్ఛిన్నమయింది. రైల్వే మూడు ముక్కలయింది, ఇంజన్లు ఎవరి సరిహద్దులో నిలిచి ఉంటే వారివయ్యాయి.

ఆస్తి అప్పుల పంపకం ఒప్పందం కుదిరేసరికి 1984 వచ్చింది. ప్రభుత్వాల లెక్క అక్కడితో తేలింది. ఉద్యోగుల లెక్క తేలలేదు. ఉమ్మడి రైల్వేలో, ఉమ్మడి తపాలాలో జీవితమంతా పనిచేసినవారి పింఛను, భవిష్యనిధి బాధ్యత ఏ దేశానిది? టాంజానియాలో ఆ ముసలివాళ్ళు 2000 సంవత్సరం దాటిన తరువాత కూడా న్యాయస్థానాల మెట్లు ఎక్కుతూ, వీధులలో బైఠాయిస్తూ ఉన్నారు. కొందరు తీర్పు వచ్చేలోగా పోయారు. అదే పేరుతో సమాజం 2000లో మళ్ళీ పుట్టింది. రువాండా, బురుండి 2007లో, దక్షిణ సూడాన్ 2016లో, కాంగో 2022లో, సోమాలియా 2024లో చేరాయి. సోమాలియా స్వదేశీ ఆదాయంలో పెద్ద భాగం రేవు సుంకాలే. ఉమ్మడి సుంకంలోకి, సుంకంలేని ఉమ్మడి విపణిలోకి అది అడుగు పెడితే 1950 నాటి హైదరాబాదు ప్రశ్నే దాని ముందు నిలుస్తుంది. పోయిన సుంకాన్ని పూడ్చేదెవరు? కృష్ణమాచారి కమిటీ వంటి ఏర్పాటు అక్కడ ఉన్నట్లు మాకు కనిపించదు. పూడ్చగల బలమైన కేంద్ర ఖజానా కూడా ఆ కూటమికి లేదు. హైదరాబాదుకూ సోమాలియాకూ గల భేదం అదే, అది చిన్న భేదం కాదు.

బలమైన కేంద్రం ఉంటే చాలునా అంటే ఐరోపాను చూడవలసి ఉంటుంది. 2004 మే 1న పది దేశాలు ఐరోపా యూనియన్‌లో చేరాయి. పశ్చిమ దేశాల సరుకు, పెట్టుబడి మొదటి రోజునుండే తూర్పుకు స్వేచ్ఛగా పోయాయి. పోలండు కార్మికుడు జర్మనీలో స్వేచ్ఛగా పని చేసుకోవటానికి మాత్రం 2011 మే వరకు ఏడేళ్ళు ఆగవలసి వచ్చింది. పెట్టెలో పెట్టిన వస్తువుకున్న హక్కు పెట్టె మోసేవానికి లేదు. గ్రీసు 1981లో ఆ కూటమిలో చేరింది, 2001లో స్వంత నాణేన్ని వదులుకొన్నది. 2010లో అప్పుల ఊబిలో పడినప్పుడు నాణెం విలువ తగ్గించుకొనే దారి మూసుకుపోయింది. తగ్గించటానికి మిగిలినవి జీతాలు, పింఛన్లే. అప్పులవారి షరతుల క్రింద రైళ్ళు నడిపే సంస్థను 2017లో నాలుగున్నర కోట్ల యూరోలకు ఇటలీ రైల్వేకు అమ్మారు. పట్టాలు, సిగ్నళ్ళు ప్రభుత్వం వద్దనే ఉన్నాయి. ఐరోపా నిధులతో మొదలైన సిగ్నళ్ళ పునరుద్ధరణ ఏళ్ళ తరబడి పూర్తి కాలేదు. ప్రమాదం పొంచి ఉన్నదని అక్కడి మన సోదర సంఘాలు ముందే హెచ్చరించాయి. 2023 ఫిబ్రవరి 28 రాత్రి టెంపి లోయలో ప్రయాణీకుల బండి, గూడ్సు బండి ఒకే పట్టాపై ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నాయి. 57 మంది మరణించారు. సిగ్నలు క్యాబినులో, ఇంజనులో కూర్చొనే మన సభ్యులకు ఆ రాత్రి ఎట్లా గడిచి ఉంటుందో వివరించనవసరం లేదు.

కూటమిలో చేరటమే ద్రోహమని వాదించేవారు మన మధ్య ఉన్నారు. చేరటమే అభివృద్ధి అని వాదించేవారు ప్రభుత్వంలో ఉన్నారు. 2019 నవంబరులో ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందంనుండి భారత ప్రభుత్వం చివరి ఘడియలో వెనుదిరిగినప్పుడు పాడి రైతుల గొంతు వినిపించినంత గట్టిగా మన గొంతు వినిపించలేదు. మన శాఖలకు దానితో పనిలేదనుకొన్నాము. అది పొరపాటు. ఏ ఒప్పందంలోనైనా సేవల అధ్యాయం అంటూ ఒకటి ఉంటుంది, అందులో తపాలా, కొరియరు, రవాణా అనే పదాలు ఉంటాయి.

మా అభిప్రాయంలో అడగవలసినది చేరాలా వద్దా అన్నది మాత్రమే కాదు. చేరే కాగితంపై మన పద్దు రాశారా అన్నది. జీతపు రక్షణ ఏ నాణెంలో, ఏ తేదీనుండి? పింఛను బాధ్యత ఎవరిది, కూటమి విరిగితే ఎవరిది? సీనియారిటీ జాబితా కలిపే సూత్రమేది, దానిపై సంతకం పెట్టే ఉద్యోగ ప్రతినిధి ఎవరు? ఈ ప్రశ్నలు దేశాల విలీనానికే కాదు, జోన్ల విభజనకు, శాఖల కార్పొరేషనీకరణకు, తపాలా సర్కిళ్ళ పునర్వ్యవస్థకు కూడా వర్తిస్తాయి. హామీ సర్క్యులరుగా కాక చట్టంగా ఉండాలి. 314వ అధికరణం రాసిన కలానికి పాయింట్స్‌మన్ పేరు రాయటం కష్టమైన పని కాదు, రాయమని అడిగే బలం ఆనాడు చాలలేదు.

ఈ విషయంపై రాబోయే సర్వసభ్య సమావేశంలో బిలాస్‌పూర్ శాఖ ఒక తీర్మానం ప్రవేశపెట్టనున్నది. దానికి ఆధారంగా పాత పత్రాలు సేకరించ సంకల్పించాము. నిజాం స్టేట్ రైల్వేలోగాని, నిజాం టప్పా శాఖలోగాని పనిచేసిన తాత తండ్రుల సర్వీసు పుస్తకాలు, హాలీ అంకెలలో ఉన్న జీతపు చిట్టాలు, 1950, 1951 సంవత్సరాల నాటి ఉత్తరువులు ఎవరి ఇళ్ళలోనైనా ఉన్నయెడల నకళ్ళు తీయించి శాఖా కార్యదర్శికి అందజేయ ప్రార్థన. ప్రతి నకలుకు రసీదు ఇవ్వబడుతుంది. అసలు ప్రతులను మాకు కూడా ఇవ్వవద్దు.